భట్టీలో మిగిలిన వేడి

జీఎస్టీ వచ్చిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో, చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి చుట్టుపక్కల ఉన్న పాత బేకరీల మీద అధ్యయనం చేసే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను వ్యయ పరిశోధన చేసే ఒక సంస్థలో సీనియర్ రీసెర్చ్ ఆఫీసర్ని. నా పైన డైరెక్టర్, ఆయన పైన పాలకమండలి. అధ్యయనాలకు డబ్బు బయటి కంపెనీలు ఇచ్చేవి, పేరు సంస్థకు వచ్చేది, ఎండలో తిరుగుడు మాత్రం నావంటివాళ్లకు మిగిలేది. ఈసారి డబ్బిచ్చింది సూపర్‌మార్కెట్లు నడిపే ఒక కంపెనీ. ఉస్మానియా బిస్కెట్లను తమ సొంత పేరుతో ప్యాకెట్లలో అమ్మాలని వాళ్ల ఆలోచన. చిన్న తయారీదారుల దగ్గర టార్గెట్ కాస్టింగ్ పనిచేస్తుందా అన్నది మా పరిశోధనాంశం.

మామూలుగా దుకాణదారుడు తనకైన ఖర్చుకు లాభం కలిపి ధర చెబుతాడు. టార్గెట్ కాస్టింగ్ దీన్ని తలకిందులు చేస్తుంది. బజారులో కొనేవాడు ఎంత ఇస్తాడో ముందు తేల్చి, అందులోంచి లాభం తీసేసి, మిగిలిన దాంట్లోనే సరుకు తయారు కావాలంటుంది. ఇప్పటి ఖర్చు అంతకన్నా ఎక్కువైతే ఎక్కడ తగ్గించవచ్చో వెతకాలి. అలా వెతకడానికి యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్ అనే పద్ధతి వాడతాం. ఖర్చును అన్ని సరుకుల మీదా సమానంగా చల్లేయకుండా, పిండి కలపడం, భట్టీ రాజేయడం, ప్యాకింగ్ అంటూ పనులవారీగా విడదీసి, ఏ పని ఏ సరుకు కోసం జరిగిందో ఆ సరుకుకే ఆ ఖర్చు కట్టాలి. పద్ధతిలో తప్పేమీ లేదు. నా ఉద్యోగమంతా దాన్ని నమ్ముకునే చేశాను.

మొదట అనుకున్నది అయిదారు బేకరీలు. లోపలి ఖర్చులు అడిగేసరికి ఒక్కొక్కరే చాయ్ తాగించి సాగనంపారు. చివరికి తలుపు తెరిచింది గౌస్ చాచా ఒక్కడే. ఆయనకు డెబ్బై దగ్గర పడ్డాయి. తండ్రి కట్టిన కట్టెల భట్టీనే ఇంకా నడుపుతున్నాడు. మా నాన్న శాలిబండలో బర్రెలు పెట్టుకుని, ఆ బేకరీకి ఏళ్ల తరబడి పాలు పోశాడు. నన్ను లోపలికి పిలవడానికి ఆయనకు ఆ పరిచయమే చాలింది.

"నువ్వు మల్లన్న బిడ్డవు గదా, నీకు చెప్పుడుల నాకు ఫికర్ లేదు" అన్నాడు చాచా. "గని బేటీ, గీ లెక్కలు ఆ కంపెనోళ్ల చేతికి పోవద్దు. నా లోపటి ఖర్చు ఎరికైనోనితోని నేను బేరమెట్ల జేస్త?"

ఆ భయం న్యాయమైనదే. మా సంస్థ నియమం కూడా అదే చెబుతుంది. డబ్బిచ్చినవాళ్లకు సగటు అంకెలే వెళ్లాలి, ఒక్కో తయారీదారుడి వివరాలుండే నివేదిక అనుబంధం ఆఫీసు దాటకూడదు. మిగతా బేకరీలు తప్పుకున్నాక డైరెక్టర్ని మళ్లీ అడిగాను. నియమం నియమమే, నిశ్చింతగా చేసుకో అన్నారు. ఆ మాటే చాచాకు ఇచ్చాను. ఆయనకు ఈ ఆర్డర్ ఎంత అవసరమో నాకు తెలుసు. చార్మినార్ చుట్టూ అద్దాల బేకరీలు వచ్చి గల్లా మీది అమ్మకం పడిపోయింది. దుకాణం అమ్మేయమని అల్లుళ్లు చెవిలో జోరీగల్లా పోరుతున్నారు. సరైన ధరకు ఆర్డర్ దొరికితే భట్టీ నిలుస్తుంది, లేకపోతే లేదు.

నేను చూసింది ఇది. తెల్లవారుజామున భట్టీ రాజేసేది నాన్ కోసం, డబల్ రొట్టె కోసం. అవి దిగాక కట్టె ఒక్కటి కూడా వేయరు. రాళ్లు పట్టి ఉంచిన వేడిలోనే బిస్కెట్లు కాలుతాయి. బిస్కెట్‌కు కావలసింది కూడా ఆ తగ్గిన వేడే. కట్టెల ఖర్చు నాన్‌ది, బిస్కెట్‌ది దాదాపు సున్నా. వారసత్వంగా వచ్చిన పొదుపు అది. ఇక కంపెనీ కోసం అదనంగా చేయాల్సిన పనులు చూస్తే, లేబుళ్లు, తనిఖీలు, విరిగిన ప్యాకెట్లు వెనక్కి తీసుకోవడం, అన్నీ చాచా నెత్తినే పడుతున్నాయి. బిస్కెట్ చవక, కొనేవాడే ఖరీదు అని తేలింది. నివేదికలో రెండూ రాశాను. ఆర్డర్ పెరిగి మిగులు వేడి చాలకపోతే భట్టీని విడిగా రాజేయాల్సి వస్తుందనీ, అప్పుడు కట్టెల ఖర్చంతా బిస్కెట్ మీదే పడుతుందనీ హెచ్చరిక కూడా చేర్చాను.

ధర నిర్ణయించే సమావేశం కంపెనీ ఆఫీసులో పెట్టారు. పరిశీలకురాలిగా నేనూ వెళ్లాను. చాచా ఉతికిన షేర్వాణీ వేసుకుని, అప్పుడే దించిన బిస్కెట్ల డబ్బా తెచ్చి అందరి ముందూ పెట్టాడు. కొనుగోలు మేనేజరు ఒకటి తిని, బాగున్నాయని మెచ్చుకుని, ఫైలులోంచి ఒక కాగితం తీశాడు. అది నా నివేదికకు జోడించిన అనుబంధం. పనులవారీ పట్టిక, నా చేత్తో దిద్దిన తప్పులతో సహా.

బిస్కెట్లకు కట్టెలే కాలవు కదా, మా ధరలో కట్టెలెందుకు అని అడిగాడు. చాచా అడిగిన ధరలోంచి కట్టెల ఖర్చు కొట్టేశాడు. పట్టికలో కింద మిగతా వరుసలున్నాయని నేను అనబోతే, పరిశీలకులు మాట్లాడకూడదని గుర్తుచేశారు. కంపెనీ వల్ల పెరిగే పనులనూ, నా హెచ్చరికనూ ఎవరూ చదవలేదు. టార్గెట్ కాస్ట్ అక్కడికక్కడే ఖాయమైంది.

చాచా అప్పటికే కంపెనీ చెప్పిన ప్యాకింగ్ మెషిన్ కొన్నాడు. చోటు కోసం ఇరానీ హోటళ్ల ఆర్డర్లు వదులుకున్నాడు. సంతకం పెట్టక ఏం చేస్తాడు? మెట్లు దిగుతూ, కోపం లేకుండానే నాతో అన్నాడు: "మీ బాపు పాలు పోస్తే మేమెన్నడు కొలిచి చూడలే బేటీ."

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా డైరెక్టర్ గదికి వెళ్లాను. ఆయన తొణకలేదు. కంపెనీ అడిగింది, డబ్బు వాళ్లది, బేకరీ పేరు తీసేసి సగటు అంకెలుగానే ఇచ్చాం అన్నారు. అధ్యయనంలో ఉన్నదే ఒక్క బేకరీ. ఒక్కదానికి సగటు ఏమిటని అడిగితే, సాంకేతికంగా అది సగటేనన్నారు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు పరాయివాడి గుట్టు పంచిపెట్టి, దానికి గణితాన్ని సాక్ష్యం తెచ్చుకున్న మనిషిని నేను అప్పుడే చూశాను. అభ్యంతరం రాసి ఇచ్చాను. "చూశాను, ఫైలు చేయండి" అని దాని మీద రాశారు.

పండుగల సీజన్‌కు ఆర్డర్ పెరిగింది. మిగులు వేడి చాలలేదు. మధ్యాహ్నం భట్టీని బిస్కెట్ల కోసమే రాజేయాల్సి వచ్చింది. కట్టెల ఖర్చు నేను రాసినట్టే బిస్కెట్ మీద పడింది, ధరలో మాత్రం దానికి చోటు లేదు. చాచా కొంతకాలం నాన్ మీద వచ్చినదంతా కంపెనీ బిస్కెట్లకు పోశాడు. తర్వాత దుకాణం అమ్మేశాడు. భట్టీ పగలగొట్టారు. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

ఆ అధ్యయనాన్ని మా సంస్థ ఒక సదస్సులో సమర్పించింది. లక్ష్య వ్యయం విజయవంతంగా సాధించబడింది అన్నది దాని ముగింపు వాక్యం. తయారీదారుడు ఏమయ్యాడన్నది పరిశోధన పరిధిలోకి రాదట. నా పేరు తీసేయమని అడిగాను, అచ్చుకు వెళ్లిపోయిందన్నారు. డైరెక్టర్‌కు శాలువా కప్పారు. మరుసటి ఏడాది నేను రిటైరయ్యాను.

నిరుడు అఫ్జల్‌గంజ్‌లో పని ఉండి వెళ్తే చాచా కనిపించాడు. అక్కడ మేనల్లుడి కిరాణా దుకాణంలో గల్లా మీద కూర్చుంటున్నాడు. మొహం చాటేస్తాడనుకున్నాను. చాయ్ తెప్పించి, అరలోంచి ఆ కంపెనీ బిస్కెట్ల ప్యాకెట్ తీసి చింపి నా ముందు పెట్టాడు.

"గిప్పుడు గివి కరెంటు భట్టీల చేస్తున్నరు" అన్నాడు. "గా ఫ్యాక్టరోడు కరెంటు ఖర్చు కలిపి రేటు చెప్పిండంట, నోరు మూసుకోని ఇస్తున్నరు. నేనడిగినదానికంటె మస్తు ఎక్కువ."

ఆ ఫ్యాక్టరీవాడికి అంత ఇవ్వడానికి ఎందుకు ఒప్పుకున్నారో నేను అడగలేదు. వాడి ఖర్చు ఎంతో వాళ్లకు తెలియదు, అంతే.

ఈ పద్ధతులు నేర్చుకుంటున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. టార్గెట్ కాస్టింగ్ సరుకు తయారుచేసే కంపెనీ తన ఖర్చు తానే తగ్గించుకుని, ఆ మిగులు తానే ఉంచుకునే చోట పుట్టిన ఆలోచన. కొనేవాడూ అమ్మేవాడూ వేరైనప్పుడు, అమ్మేవాడి పొదుపు కొనేవాడి కంట పడితే అది అమ్మేవాడికి మిగలదు. కాబట్టి లెక్క తీయడానికి ముందు, అది ఎవరి చేతికి వెళ్లకూడదో డబ్బిచ్చేవాడితోనే కాగితం మీద సంతకం చేయించుకోవాలి. పై అధికారి నోటిమాట అందుకు పనికిరాదు.