తుమ్ముకు కూలిన క్రేను

బీరువాను వీపున వేసుకుని నాలుగో అంతస్తుకు ఎక్కించిన మనిషి ఒక్క తుమ్ముకు పడిపోయాడంటే ఎవరు నమ్ముతారు? పడ్డవాడే నమ్మలేదు.

ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోయడం అతని పని. తోటివాళ్ళు అతన్ని ‘క్రేను’ అనేవారు. ఇరుకు మెట్ల మలుపులో ఫ్రిజ్జును ఎటు వాల్చాలో, సోఫా ఏ మూల ముందు గుమ్మం దాటాలో కంటిచూపుతోనే చెప్పేసేవాడు. నడుం నొప్పి మాత్రం పాత చుట్టంలా ఏళ్ళ తరబడి వచ్చిపోతూ ఉండేది. వచ్చినప్పుడల్లా ఇంత మందు రాసుకుని, బెల్టు బిగించి, “మోసేవాడికి కాక మోయించేవాడికొస్తుందా నొప్పి?” అని నవ్వేసేవాడు.

ఆ ఉదయం ముఖం కడుక్కోవడానికి వాష్‌బేసిన్ మీదకు వంగాడు. ముక్కులో చుర్రుమంది. తుమ్మాడు. అంతే, నడుంలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. కాళ్ళు పట్టు తప్పి నేలమీద చతికిలబడ్డాడు. కొళాయి ధారగా కారుతోంది. చెయ్యెత్తి కట్టేద్దామంటే ఆ చెయ్యి కూడా లేవలేదు.

భార్య పరుగెత్తుకొచ్చింది. “అయ్యో, ఏమైందండీ?”

“తుమ్మానే.”

“తుమ్మితే?”

“తుమ్మితే ఇలా అయింది!” అన్నాడు గుడ్లు తేలేసి.

ఆ రోజు మంచమెక్కినవాడు వారాల తరబడి దిగలేదు. పడుకుంటే ఒక బాధ, లేస్తే ఇంకో బాధ. నడుం విరిగిపోయిందనీ, ఇక తన బతుకు ఇంతేననీ గట్టిగా నమ్మేశాడు. చూడ్డానికొచ్చిన సామాను లారీ డ్రైవరు మాత్రం పెదవి విరిచాడు. “ఇలా పడుంటే తుప్పు పడతావన్నా! కాళ్ళు బారజాపి కూర్చుని బొటనవేళ్ళు అందుకో. ఊపు మీద లాగితే ఏ పట్టయినా వదలాల్సిందే.”

క్రేను సంగతి తెలిసిందేగా, ఏ పనీ సగంలో వదలడు. ఊగి ఊగి లాగాడు. పిరుదు నుంచి మడమ దాకా కరెంటు పాకినట్టయి, వీధి వీధంతా వినబడేలా కేక పెట్టాడు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి, అరికాళ్ళు గీరి చూసి, ఎవరూ అడగని ప్రశ్నలు అడిగాడు. మూత్రం తెలియకుండా పోతోందా? తొడల మధ్య తిమ్మిరిగా ఉంటోందా? కాళ్ళలో బలం తగ్గుతోందా? క్రేను సిగ్గుతో కుంచించుకుపోయి, అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు.

“మంచిది. వీటిలో ఏది కనబడినా ఆ క్షణమే రావాలి, ‘తెల్లారనీ’ అనుకోకూడదు. ఇప్పటికైతే భయం లేదు. పక్క గదిలో వ్యాయామం నేర్పుతారు, వెళ్ళండి.”

పక్క గదిలో ఉన్న ఫిజియోథెరపిస్టు పిట్టంత మనిషి.

“ఇంకా ఎన్నాళ్ళు పడుకోవాలమ్మా?” అని ఆమెను అడిగాడు క్రేను.

“ఇన్నాళ్ళు పడుకోవడమే ఎక్కువైందండీ. ఇవాళ్టి నుంచే నడవండి.”

క్రేను నోరు తెరిచాడు. “విరిగిన నడుంతోనా?”

“విరగలేదండీ, బెదిరింది. మెల్లమెల్లగా ధైర్యం చెప్పాలి.”

అతన్ని చాప మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి ఉండమంది. కుడి చెయ్యి ముందుకీ ఎడమ కాలు వెనక్కీ చాపి, నడుం కదలకుండా నిలపమంది. ఓస్, ఇంతేనా అనుకుంటూ చాపాడు. ఒళ్ళంతా జ్వరమొచ్చినట్టు వణికింది. పక్కకి ఒరిగి దబ్బున పడ్డాడు. ఊరందరి బీరువాలు మోసినవాడు సొంత కాలు మోయలేకపోయాడు! నొప్పి కంటే ఆ సంగతే అతనికి మింగుడుపడలేదు.

“ఊపిరి బిగబట్టకండి. ఊపులొద్దు. కాస్త నొప్పెట్టి కాసేపటికి సర్దుకుంటే పర్లేదు. కాల్లోకి పాకినా, తిమ్మిరెక్కినా ఆపేసి నాకు చెప్పండి” అందావిడ.

ఇంటికొచ్చి హాల్లో చాప పరిచాడు. చెయ్యి చాపాడు, కాలు చాపాడు, మళ్ళీ ఒరిగిపోయాడు. బట్టలు మడతపెడుతున్న భార్య ఫక్కున నవ్వి, కొంగు నడుంలో దోపుకుని వచ్చి పక్కనే మోకాళ్ళ మీద వంగింది. చెయ్యి ముందుకు, కాలు వెనక్కి. ఇసుమంత వణుకూ లేదు. వీపు మీద నిండు గ్లాసు పెట్టినా తొణికేది కాదు.

క్రేను చాప మీద లేచి కూర్చున్నాడు. “ఎక్కడ నేర్చావే?”

“చిన్నది పుట్టాక నడుం పట్టేసింది కదా. అప్పుడు నర్సు నేర్పింది. మీరు లేచేలోపు వంటింట్లో చేసుకుంటా.”

“చిన్నది కాలేజీకెళ్తోంది ఇప్పుడు!”

“అవును మరి.”

“ఇంకా నొప్పుందా?”

“ఉంటుంది. చేసుకుంటూ ఉంటే అదుపులో ఉంటుంది.”

“నాకెందుకు చెప్పలేదు?”

ఆమె కాలు మార్చింది. “చెప్పాను. ‘ఇంట్లో ఉండేదానికి నడుం నొప్పేంటి’ అన్నారు. మళ్ళీ చెప్పలేదు.”

ఎంత తవ్వుకున్నా ఆ మాట అన్నట్టు అతనికి గుర్తు రాలేదు. అదే అతని గుండెలో గుచ్చుకుంది. బకెట్టు ఎత్తేటప్పుడు ఆమె మోకాళ్ళు వంచి కూర్చుని, ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవడం రోజూ చూసేవాడు. గిన్నెలు తోముతూ ఒక కాలు చిన్న పీట మీద ఆనించుకోవడమూ చూశాడు. అదేదో ఆమె అలవాటనుకున్నాడు. పరాయి ఇళ్ళలో ఏ బల్లకి ఏ కాలు పొట్టిదో పట్టేసే కళ్ళు తన ఇంట్లో ఏం చేశాయో!

ఆ తర్వాత పొద్దున్నే ఇద్దరూ కలిసి చేయసాగారు. ఆపైన నడక. అతను జోరు పెంచితే ఆమె అతని చొక్కా పట్టుకుని ఆపేది. “మెల్లగా, మిమ్మల్నెవరూ తరమట్లేదు.” బాధ ఎక్కువున్న రోజున వీధి చివరి దాకా వెళ్ళి వచ్చేసేవారు, అంతేకానీ మంచమెక్కేవారు కాదు. కొన్ని నెలలకు అతను పనిలోకి వెళ్ళాడు. ఒంటరిగా బీరువా ఎత్తడం మానేసి తోటివాణ్ణి కేకేసేవాడు. డ్రైవరు ఎకసెక్కాలాడితే, “నువ్వొచ్చి రెండో వైపు పట్టు, ఆ తర్వాత మాట్లాడు” అనేవాడు. నొప్పి పూర్తిగా పోలేదు. అదొచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఇప్పుడు తెలుసు.

ఒక ఉదయం భార్య నడక చెప్పులు వేసుకోబోతూ గుమ్మం పట్టుకుని ఆగింది.

“ఎక్కడ నొప్పి?” అన్నాడు క్రేను. “నడుంలోనే ఉందా, కాల్లోకి దిగిందా?”

ఆ ప్రశ్న అతని నోట వినడం ఆమెకు అదే మొదలు. చేతిలోని చెప్పు కింద పెట్టింది. ఆపైన అతనికి వీపు తిప్పి నిలబడి, నొప్పి ఎక్కడుందో వేలితో చూపించింది.