ఆల్జీబ్రా అని రాసిన ఉత్తరం

నేను లెక్కలు చెప్పే హైస్కూల్లో వెర్నా పెట్వే కౌన్సిలర్. ఎవరు ఏ కాలేజీకి దరఖాస్తు పెట్టాలి, ఎవరికి ఏ స్కాలర్‌షిప్ దొరుకుతుంది అన్నది నాలుగు వందల పన్నెండు మంది పిల్లలకూ ఆవిడ ఒక్కతే చూడాలి. ఆవిడ ఉద్యోగమేమో ఏటికేడు ప్రిన్సిపాల్ రాసిచ్చే ఒప్పందం.

మూడేళ్ల కిందట మా బడికి ఒక పిచ్చి పట్టింది: నూటికి నూరు మందీ కాలేజీకే. మా ఊరు టొలీడో అంతటికీ కనిపించేలా బ్యానరు కట్టారు. ఆల్జీబ్రా పేరు తీసేసి ‘కాలేజీ గణితం’ అని పెట్టారు. ఆ పేరు సూచించింది వెర్నాయే.

ఆ పేరే అమారీ టాలివర్‌కు అడ్డం పడింది. చివరి ఏడాది పిల్ల, కరెంటు పని నేర్చుకుంటానని పట్టుబట్టింది. కరెంటు పనివాళ్ల యూనియన్ శిక్షణలో చేరితే మొదటి రోజు నుంచే జీతం. ఐదేళ్లకు జీతంలో మా టీచర్లను దాటిపోతుంది. కానీ మార్కుల పత్రంలో ఆల్జీబ్రా ఉండాలి. అది కనబడక యూనియన్ ఆఫీసు దరఖాస్తును తిప్పి పంపింది. శుక్రవారం నాలుగింటిలోగా బడి నుంచి ఉత్తరం తేకపోతే ఇంకో ఏడాది ఆగాలి.

ప్రిన్సిపాల్ హోల్కంబ్ సంతకం పెట్టనన్నాడు. పిల్ల కాలేజీకి వెళ్లకపోతే ఆయన నూరు శాతం పోతుంది.

“కాలేజీ సీటు వచ్చింది కదా వెర్నా. నిచ్చెనెక్కి తీగలు లాగడానికా మనం చదివించింది?”

ఆయన అలా అన్నాడని ఆవిడే నాకు చెప్పింది. కాలేజీకి పంపడం మంచిదే, నా దగ్గర చదివినవాళ్లను నేనూ చాలామందిని పంపాను. బ్యానరు కోసం పంపడం మాత్రం మోసం.

శుక్రవారం పొద్దుటి నుంచి అమారీ వెర్నా గదికి మూడుసార్లు వచ్చి ఉత్తరం అడిగింది. మూడోసారి నేనూ అక్కడే ఉన్నాను, పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయింది.

“మా నానమ్మకి ఏం చెప్పను మిస్? పొద్దున్నే లేచి నా చొక్కా ఇస్త్రీ చేసింది.”

వెర్నా బడి పేరున్న కాగితం తీసి ఉత్తరం టైపు చేసింది. కాలేజీ గణితం అంటే ఆల్జీబ్రాయే, పేరు మార్పించింది తానేనని రాసి సంతకం పెట్టింది. కింద నేనూ పెట్టాను. వద్దని కళ్లతోనే వారించింది కానీ, అమారీకి ఆ పాఠం చెప్పింది నేనే కదా.

బడి వదలగానే ముగ్గురం ఆవిడ కారులో బయల్దేరాం. ఎర్రలైటు పడ్డప్పుడల్లా అమారీ గడియారం చూసుకుంది. ఆఫీసుకు చేరేసరికి పావు తక్కువ నాలుగు. గుమాస్తా ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు.

“ప్రిన్సిపాల్ సంతకమేదమ్మా?”

“ఆయన పెట్టలేదు. పొరపాటు నాది, అందుకే నేను పెట్టాను. నమ్మకం లేకపోతే ఇప్పుడే లెక్కలు అడగండి.”

ఆయన అమారీని ఎగాదిగా చూశాడు. “పరీక్ష ఎలాగూ పెడతాంలే. పదిహేనో తారీకు, పొద్దున ఎనిమిదికి. కాలిక్యులేటరు తేవద్దు.” కాగితం మీద ముద్ర పడింది.

బయటికొచ్చాక కూడా పిల్ల నవ్వలేదు. “మరి మీ ఉద్యోగం, మిస్?”

“భిన్నాల దగ్గర తడబడుతున్నావట. ముందు అది చూసుకో,” అంది వెర్నా. కారు తలుపు తీస్తూ, ఉత్తరం సంగతి సోమవారం ప్రిన్సిపాల్‌కు తనే చెబుతానని నాతో అంది.