ప్రథమ ఫలంగా పెట్టిన సినిమా

సినిమా పీఆర్వోగా నేను ఉద్యోగం చాలించడానికి ముందు ఏడాది, వరికోతల కాలంలో, చివరి బాధ్యత ఒకటి నెత్తిన పడింది. వాకాడు దగ్గరి పల్లెకు చెందిన దీవెన అనే అమ్మాయి, తన ఊరి జాలర్లనే నటులుగా పెట్టి తీసిన చిన్న సినిమాను చిత్రోత్సవాలకు చేర్చాలి.

ఈ పనిలో ముందు సినిమా లింకుకు పాస్‌వర్డ్ పెట్టి, కథా సారాంశం జతచేసి ఎంపికదారులకు పంపుతాం. పెద్ద ఉత్సవాలకు మరో పట్టింపు ఉంటుంది. వరల్డ్ ప్రీమియర్, అంటే మొట్టమొదటి బహిరంగ ప్రదర్శన, తమ దగ్గరే జరగాలి. ఈ సంగతి దీవెనకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

వరసగా తిరస్కారాలు వచ్చాక ఒక విదేశీ ఉత్సవం నుంచి పిలుపొచ్చింది. ప్రీమియర్ షరతు మామూలే. ఇది జారిపోతే ఆ సినిమాకు వేరే దారి లేదు. నా వయసు మరచి నెల్లూరు ఇంటి వరండాలో గంతులేశాను. దీవెనకు ఫోన్ చేస్తే అటునుంచి ఒక కేక, ఆ వెంటనే గొంతు సన్నబడింది.

"సార్, మొన్న ఆదివారం మా గుడికాడ వేసినాం కదా..."

వాళ్ల గుడిలో, అంటే చర్చిలో, కోతల పండుగకు తొలి పంటనూ తొలి చేపనూ ప్రథమ ఫలంగా దేవుడికి సమర్పిస్తారు. కూతురి తొలి సినిమా కూడా ఫలమేనని వాళ్లమ్మ తీర్మానించింది. సంఘమంతా ఇంటివాళ్లే, వాళ్లకు చూపిస్తే బహిరంగం ఎట్లా అవుతుందని దీవెన అనుకుంది. ఇంటివాళ్లట! నాయుడుపేట నుంచి కూడా దిగారట. ఇక ప్రీమియర్ షరతు తప్పినట్టే అనుకున్నాను.

ఎవరు ఎంత చూశారో తేల్చుకుందామని వాకాడు బస్సెక్కాను. హీరోగా వేసిన యేసుపాదం నన్ను చూడగానే చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, సినిమా చివర్లో నేను ఇంటికొచ్చినానా, లేదా?"

"నటించింది నువ్వే కదయ్యా!"

"ముక్కలు ముక్కలుగా తీసినారు. ఏ ముక్క యాడ పెట్టినారో నాకేం తెలుసు?"

అప్పుడు అసలు సంగతి బయటపడింది. తెరమీద తెలిసిన మొహం కనపడ్డప్పుడల్లా జనం ఈలలేసి, "మళ్లా వెయ్యండి" అని అరిచారట. పాస్టరయ్యగారు కూడా తాను ప్రార్థన చేసే సీను మళ్లీ వేయించుకున్నారట. కథ సగం దాటకముందే జనరేటర్లో డీజిల్ అయిపోయింది. నవ్వాపుకోలేక ఇసుకలో కూలబడ్డాను.

దాచి తర్వాత దొరికిపోతే పరువు పోతుంది. జరిగింది జరిగినట్టు రాసి ఆ విదేశీ ఉత్సవం ఎంపికదారుకు పంపాను. ఆవిడ వీడియో కాల్‌లో కళ్లద్దాలు తీసి మరీ నవ్వింది. టికెట్టు లేదు, ముగింపు ఎవరూ చూడలేదు, కాబట్టి ప్రీమియర్ తమదేనని తేల్చేసింది. అక్కడ ఆట మొదలైనప్పుడే గుడి ముందు కూడా పూర్తిగా వేసుకోవచ్చని అనుమతిచ్చింది. దీవెన ఫోన్లోనే ఏడ్చేసింది, సంతోషంతో.

ఈసారి మాత్రం ఎవరూ మళ్లా వెయ్యమనకూడదని ఊరికి నేనొక షరతు పెట్టాను. అందరూ సరేనన్నారు.

"నా సీను తప్ప," అన్నాడు యేసుపాదం.

ఉత్సవాలకు సినిమా పంపేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే. ప్రీమియర్ ఎవరికివ్వాలో తేల్చేముందు, తొలి ఆట ఇంట్లోవాళ్లు ఎవరికి మొక్కుకున్నారో కనుక్కోండి.