ఆపరేషన్ బల్ల మీద పంట పండుగ పాట

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, సహోదరీలారా, మన సంఘ పత్రికలో ఇన్నేళ్లూ ఇతరుల సాక్ష్యాలలో అచ్చుతప్పులు దిద్దానే గాని నా సాక్ష్యం ఎన్నడూ రాయలేదు. నాంపల్లిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు చూసి రిటైరైనవాణ్ని కనుక ఎక్కువ మాటలు కనబడితే కొట్టివేయడం నాకు అలవాటు. జరిగింది జరిగినంత రాస్తాను. ఇందులో గొప్ప ఏదైనా ఉంటే అది దేవునిది.

నా భార్య సుగుణ నిరుడు ప్రభువు సన్నిధికి వెళ్లింది. క్వయర్‌లో రెండో వరసలో నిలబడి ఆల్టో పాడే మెదక్ సుగుణమ్మ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చివరి రోజులలో ఆమె ఐసీయూలో ఉంటే నేను మంచం పక్కన కూర్చునేవాణ్ని. మంచం తలవైపు గుండె కొట్టుకోవడాన్ని చూపించే మానిటర్ ఒకటి పగలూ రాత్రీ టిక్కు టిక్కుమంటూ ఉండేది. ఒక మధ్యాహ్నం దాని చప్పుడు మారింది. కాసేపటికి ఎవరో వచ్చి దాన్ని కట్టేశారు.

అప్పటినుంచి అలాంటి చప్పుడు ఎక్కడ విన్నా నా చేతులు చల్లబడేవి, గుండె దడదడలాడేది. గన్‌ఫౌండ్రీ బ్యాంకులో టోకెన్ నంబరు మారినప్పుడు వచ్చే శబ్దానికి కూడా చెమట పట్టి, పని వదిలేసి బయటికి వచ్చేసేవాణ్ని. ఇది మొదటి కష్టం. రెండోది గుడిలో. పాట మొదలైతే అందరితోపాటు లేచి పుస్తకం తెరిచి నిలబడేవాణ్ని, గొంతులోంచి ఏమీ వచ్చేది కాదు.

దీనికి కారణం చెప్పాలంటే మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. సంఘమంతా పాట రాగం పాడుతుంటే ఆల్టో వాళ్లు దానికి కొంచెం కిందుగా వేరే స్వరాలలో నడుస్తారు. ఒక్కరే పాడుకుంటుంటే అది ఏ పాటో కూడా పోల్చుకోలేం. పక్కన ఎవరైనా రాగం పాడుతుంటే, అందులోకి జారిపోకుండా తన వరసను నిలబెట్టుకోవడమే ఆల్టో వాళ్లకు అభ్యాసం. అందుకని సుగుణ వంటింట్లో తన వరస పాడుతుంటే నేను ముందు గదిలో కూర్చుని రాగం పాడేవాణ్ని. నేను గాయకుణ్ని కాను, పాటను తప్పు లేకుండా నడిపించగలను, అంతే. "మీరు గట్టిగ పాడున్రి, నేను పడిపోవద్దు" అనేది లోపలినుంచి. మా కాపురమంతా అలాగే గడిచింది. ఆమె వెళ్లాక నేనెవరికోసం గట్టిగా పాడాలి?

ఇక నా పతనం సంగతి. నవ్వకండి, నిజంగానే పడ్డాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలు చూస్తూ నడుస్తున్నాను. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాను. ఒక పుస్తకం వెనక అట్ట మీది అక్షరాలు కంటికి ఆనక, ఇంకొంచెం దూరం నుంచి చూద్దామని ఒక అడుగు వెనక్కి వేశాను, మరో అడుగు వేశాను, అక్కడ ఫుట్‌పాత్ అయిపోయింది! లేవబోతే కుడికాలు చీలమండ దగ్గర తిరిగిపోయి ఉంది. పుస్తకాలాయన పరిగెత్తుకొచ్చి పట్టుకుని, "ఏంది సాబ్, కితాబ్ కొనకముందే పడిపోయిన్రు!" అని నన్ను ఆటో ఎక్కించి, ఆ పుస్తకాన్ని నా ఒళ్లో పెట్టాడు. పైకం తీసుకోలేదు. "దవాఖానల పొద్దుపోతది, ఉంచుకోన్రి" అన్నాడు.

నాంపల్లిలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. చీలమండ దగ్గర ఎముకలు విరిగాయి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించాలన్నారు. నేను ఆయాసం మనిషిని కనుక పూర్తిగా మత్తు ఇవ్వడం మంచిది కాదని, వెన్నులో సూది ఇచ్చి నడుము కింది భాగం మాత్రమే మొద్దుబారుస్తామని, నేను మెలకువగానే ఉంటానని చెప్పారు. నొప్పి తెలియదన్నారు. నొప్పికి నేను భయపడలేదు. కాని ఆపరేషన్ థియేటర్లో ఏ చప్పుడు ఉంటుందో నాకు తెలుసు.

మొదటిసారి లోపలికి తీసుకువెళ్లి వేలికి క్లిప్పు తగిలించగానే ఆ చప్పుడు మొదలైంది. ఒళ్లంతా వణుకు పట్టుకుంది. బీపీ పైకి పోయింది, మందిచ్చి చూశారు, కాసేపు ఆగి చూశారు, చివరికి బల్ల మీదనుంచి దింపి వార్డుకు పంపేశారు. ఎముకల డాక్టరు వచ్చి, "ఎల్లుండి మళ్లీ చూద్దాం అంకుల్. ఆ రోజూ ఇలాగే ఉంటే చెయ్యలేం. ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుంటుంది, నడవడం కష్టమవుతుంది" అన్నారు. నేను గన్‌ఫౌండ్రీలో లిఫ్టు లేని ఇంటి మూడో అంతస్తులో ఒక్కణ్నే ఉంటాను. గుడికి, పుస్తకాలకు, కూరగాయలకు నడిచే వెళతాను. నడక పోతే నాకు మిగిలేది కిటికీ ఒక్కటే.

ఆ సాయంత్రం మత్తు డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. చిన్న వయసు, తీరికగా మాట్లాడే మనిషి. దేనికి భయమని అడిగితే చెప్పాను. ఆమె నా మాటను తేలికగా తీసుకోలేదు. "మెలకువగా ఉండి ఆపరేషన్ చేయించుకునేవాళ్లకు మేం పాటలు వినిపిస్తాం అంకుల్. మీకు నచ్చినవి తెచ్చుకోండి. ఒక చెవి పాటకు, ఇంకో చెవి నాకు" అంది.

నా తమ్ముడి కూతురు సునీత లక్డీకాపూల్‌లో ఆఫీసు అయిపోగానే వచ్చింది. విషయం విని, "గింతేనా పెదనాన్నా! ఫికర్ చెయ్యకు. కరుణక్కకు ఫోన్ చేస్త, క్వయరోళ్లు పాడి నీ ఫోన్‌కే పంపిస్తరు" అంది. కరుణమ్మ ఇప్పుడు ఆల్టో వరసకు పెద్ద, సుగుణ దగ్గర నేర్చుకున్న అమ్మాయి. ప్రాక్టీసు అయ్యాక గుడి ఆవరణలోనే నిలబడి కొన్ని పాటలు పాడి పంపించారు. వాటిని ముందుగా విని చూడాలని నాకు గాని సునీతకు గాని తోచలేదు.

ఆపరేషన్‌కు ముందు సాయంత్రం నేను చేసిన ప్రార్థన చిన్నది. "ప్రభువా, ధైర్యం ఇమ్మని అడిగే ధైర్యం కూడా నాకు లేదు. ఆ చప్పుడు మాత్రం నా చెవిన పడకుండా చెయ్యి. ఇంకేమీ అడగను."

రెండోసారి తీసుకువెళ్లారు. వెన్నులో సూది ఇచ్చారు, కాళ్లు నావి కానట్టు అయిపోయాయి, నా ఛాతీకీ కాళ్లకూ మధ్య ఆకుపచ్చ గుడ్డ అడ్డంగా కట్టారు. వేలికి క్లిప్పు పెట్టగానే ఆ చప్పుడు మళ్లీ మొదలైంది. "బీపీ పెరుగుతోంది. ఖలీల్, పాట పెట్టు" అంది డాక్టరమ్మ. ఖలీల్ అక్కడి టెక్నీషియన్, మంచి నవ్వు మొహం. నా కుడిచెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, నా ఫోన్‌లో క్వయర్ పాట నొక్కాడు.

సహోదరులారా, మొదటి ముక్క వినగానే గుర్తుపట్టాను! అది మనం శవపేటిక వెనుక గుడి గేటునుంచి సమాధుల తోట వరకు నడుస్తూ పాడే పాట. పొరపాటున వచ్చిందేమో అనుకుంటే రెండోదీ అదే రకం, అందులోనూ పెట్టెను కిందికి దించేటప్పుడు పాడేది! నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. డాక్టరమ్మ కంగారుగా వంగి, "ఏమైంది అంకుల్?" అంది. చెప్పాను.

"తౌబా తౌబా!" అని ఖలీల్ ఫోన్ మీద చెయ్యి వేశాడు. "మయ్యత్ పాటలా సాబ్? ముందుగాల చెప్పొద్దా!"

గుడ్డ అవతలినుంచి ఎముకల డాక్టరు గొంతు వినబడింది. "నేనింకా కత్తి పట్టనే లేదు, అప్పుడే సాగనంపుతున్నారా?"

గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్వుకు బీపీ కొంచెం దిగింది కూడా. కాని నవ్వు ఆగాక ఆ టిక్కు టిక్కు మళ్లీ వినబడింది, బీపీ మళ్లీ పైకి పోసాగింది. "వేరేది ఉంటే పెట్టు" అంది డాక్టరమ్మ, ఈసారి నవ్వకుండా. మళ్లీ నన్ను వార్డుకు పంపే మాట ఆమె నోట్లో ఉందని నాకు అర్థమైంది.

వేరేది ఉంది. ఆ ఫోన్‌లోనే ఉంది. నాకు తెలుసు, ఏడాదిగా దాన్ని తెరవలేదు. తన చివరి పంట పండుగకు ముందు సుగుణ ఆల్టో అక్కచెల్లెళ్లు నేర్చుకోవడానికని తన వరస ఒక్కటే నా ఫోన్‌లో పాడి పెట్టింది. రాగం కలిస్తే వాళ్లకు స్వరాలు తెలియవని ఆ రోజు నన్ను మాత్రం "మీరు గప్‌చుప్ కూసోన్రి" అంది. ఆమె గొంతు వింటే నేను తట్టుకోగలనా? "ప్రభువా, ఇదా నీ జవాబు?" అని లోలోపల అడిగాను. ఖలీల్ నా మొహం చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకా కిందికి వెళ్లు బాబూ. సుగుణ అని ఉంటుంది. అది పెట్టు" అన్నాను.

ముందు గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత, "కరుణా, జర మెల్లగ పాడుతున్న, మంచిగ ఇను." తర్వాత పాట. మొదటి చరణం అంతా నా కళ్లనుంచి నీళ్లు చెవుల్లోకి కారుతూనే ఉన్నాయి, డాక్టరమ్మ దూదితో తుడుస్తూ ఉంది. చరణం మధ్యలో కుక్కర్ కూత వేసింది. "ఏమండీ, స్టవ్ బంద్ చెయ్యున్రి" అని సుగుణ కేక, నా కుర్చీ కిర్రుమనడం, మళ్లీ పాట. రెండో చరణంలో ఎప్పుడూ ఇబ్బంది పెట్టే ఒక మలుపు ఉంది. అక్కడికి రాగానే పక్కన రాగం లేక ఆమె గొంతు కొంచెం జారింది.

నా నోరు తెరుచుకుంది. నేను అనుకుని చేసింది కాదు. ముందు గదిలో కూర్చున్నట్టే రాగం అందుకున్నాను! ఏడాదిగా రాని గొంతు బొంగురుగా వచ్చింది, వచ్చిందే చాలు. నా చెవిలో ఇద్దరం పాడుతున్నాం, ఆ గదిలోని వాళ్లకు మాత్రం ఒక ముసలాయన బల్ల మీద పడుకుని పంట పండుగ పాట పాడుతున్నాడు. అవతల డ్రిల్లు తిరుగుతోంది, సుత్తి దెబ్బలు పడుతున్నాయి, మా పాట సాగుతోంది.

"ఆపకండి అంకుల్, పాడుతూనే ఉండండి. దిగుతోంది" అంది డాక్టరమ్మ.

"ఎన్ని చరణాలు?" అని అడిగారు ఎముకల డాక్టరు. "నాకింకా స్క్రూలు ఉన్నాయి."

"అయిపోతే మళ్లీ మొదటినుంచి పాడతాను" అన్నాను. పాడాను కూడా. ఖలీల్ అడగకుండానే పాటను మళ్లీ మళ్లీ మొదటికి తిప్పాడు.

అన్నిసార్లు పాడుతుండగా ఒకటి గమనించాను. మానిటర్ చప్పుడు ఆగలేదు. పరుగెత్తుతున్నదల్లా నెమ్మదించి దాదాపు పాట నడకకు వచ్చింది. అది నా గుండె చప్పుడు. ఏడాదిగా నేను దాన్ని సుగుణ మరణమనే విన్నాను. ఆ చప్పుడు వినబడకుండా చెయ్యమని నేను ప్రార్థిస్తే, అది వినబడుతుండగానే పాడే గొంతు దేవుడు నాకు తిరిగి ఇచ్చాడు. నేను అడిగింది ఇవ్వలేదు, అందుకు స్తోత్రం!

ఇది మత్తు డాక్టరమ్మ చేసిన పని కదా అనేవారు ఉంటారు. అవును, ఆమె చేసిన పనే. పాటతో మనిషి భయం తగ్గుతుందని ఆమె చదువుకుంది, చూసింది. దేవుడు నాకోసం ఆ చదువునూ ఖలీల్ చేతినీ సుగుణ గొంతునూ వాడుకున్నాడని నేనంటాను. రెండు మాటలకూ మధ్య నాకు తగాదా కనబడలేదు.

మర్నాడు కరుణమ్మ కొబ్బరిబొండాలు పట్టుకుని వచ్చింది. సునీత అప్పటికే ఆమెకు అంతా చెప్పేసింది. "అన్నా, మాఫ్ చెయ్యి! పుస్తకం లేకుండ అందరికి నోటికొచ్చేటివి గవే!" అని తల పట్టుకుంది. ఆలోచిస్తే నిజమే, మనం పుస్తకం లేకుండా నడుస్తూ పాడేది ఆ దారిలోనే. ఇద్దరం నవ్వుకున్నాం. అందుకే క్వయర్ వారికి ఈ పత్రిక ద్వారా ఒక్క మనవి: ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు పాటలు పంపేటప్పుడు దయచేసి పుస్తకం తెరవండి.

ఈ సంవత్సరం పంట పండుగకు చేతికర్ర పట్టుకుని నా కాళ్ల మీద నేను నడిచి వచ్చాను. గుమ్మడికాయలు, చెరుకుగడలు బలిపీఠం ముందు పేర్చి ఉన్నాయి. ఆ పాట మొదలైంది, నేను లేచి రాగం పాడాను. కరుణమ్మ రెండో వరసలోనుంచి ఒకసారి నావైపు చూసి, తన వరస వదలకుండా పాడింది.

నా సహోదరులారా, మీలో ఎవరైనా రేపు ఆపరేషన్ బల్ల ఎక్కవలసినవారు ఉండవచ్చు, ఎవరినో పోగొట్టుకుని గుడిలో నోరు పెగలక నిలబడేవారు ఉండవచ్చు. మాటలు రాకపోతే దేవుని ముందు అలాగే నిలబడండి, నేను ఏడాది నిలబడ్డాను, ఆయన విసుక్కోలేదు. మీరు అడిగినట్టు జవాబు రాకపోయినా ఆయనను నమ్మండి, నేను నమ్మి నడుస్తున్నాను. సాయంత్రాలు ఇంట్లో ఇప్పుడు సుగుణ పాట పెట్టుకుంటాను. రెండో చరణంలో ఆ మలుపు రాగానే, ఆమె పడిపోకుండా, గట్టిగా పాడతాను. దేవునికే మహిమ!