ఇక్కడి పుల్ల అక్కడ పెట్టని బాబాయి

మా బాబాయి బద్ధకస్తుడు. ఈ మాట నేను నోరు జారి అనడం లేదు, నలుగురిలో ఆయనే ఒప్పుకునేవాడు. ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టడని లోకం చాలామందిని తిడుతుంది గానీ, మా బాబాయి విషయంలో అది తిట్టు కాదు, ఆనవాలు. ఏ పని చెప్పినా "లేస్తున్నా" అనేవాడు. ఆ లేవడం మాత్రం చూసినవాళ్ళు లేరు.

కూర్చుని చేసే పని ఏదా అని వెతికి వెతికి దర్జీ అయ్యాడు. మిషను తొక్కడం కూడా శ్రమేనని దానికి మోటారు పెట్టించాడు. కొలతలకి వచ్చినవాడి చేతికే టేపు కొస ఒకటి ఇచ్చి, "మీరే ఓ చుట్టు తిరగండి" అనేవాడు. వంగడం ఇష్టం లేక ప్యాంటుకి మోకాలి దాకా కొలిచి, ఆ కింద సంగతి ఊహించేవాడు. అందుకే మా వీధిలో మగవాళ్ళందరికీ చీలమండలు బయటే ఉండేవి. వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో ఫ్యాషన్ అనుకుని, తమకీ అలాగే కుట్టమని అడిగేవారు.

"పెళ్ళిచూపులకి మా ఇంటికొచ్చినప్పుడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడే. ఎంత నెమ్మదస్తుడో అని మురిసిపోయాను" అనేది మా పిన్ని, నుదురు కొట్టుకుంటూ.

అలాంటి మనిషికి అత్తగారు ఎవరనుకున్నారు? బడిలో డ్రిల్లు టీచరు. మా అమ్మమ్మ రిటైరై కూతురింట్లో ఉంటున్నా మెడలోంచి ఈల తీసేది కాదు. పొద్దున్నే అల్లుడి కుర్చీ దగ్గర నిలబడి ఒక్క ఊదు ఊదేది. వీధిలో కుక్కలు లేచేవి గానీ బాబాయి లేచేవాడు కాదు.

"అల్లుడుగారూ, దేవుడు మీకు కాళ్ళిచ్చింది ప్యాంటు తొడుక్కోడానికేనాండీ?"

"లేస్తున్నానండి అత్తయ్యగారూ."

ఎంత తిట్టినా గారూ, అండీ తప్పేవి కావు. అదే ఆ తిట్లకి పదును.

నాకు ఉద్యోగం వచ్చి వాళ్ళింట్లో ఉంటున్న రోజుల్లో అమ్మమ్మ స్నానాలగదిలో జారిపడింది. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు పిన్నినీ నన్నూ పక్కకి పిలిచి, "ఎముక సంగతి నేను చూశాను. నడక సంగతి ఆవిడే చూసుకోవాలి. ఇప్పుడు నడవకపోతే ఇక మంచమే" అన్నాడు.

అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఊరందరి పిల్లల్నీ పరిగెత్తించిన మనిషి, వాకరు చూస్తేనే వణికేది. "మళ్ళీ పడతానే. నావల్ల కాదు" అనేది. ఈల తీసి దిండు కింద పెట్టేసింది. బతిమాలాం, కసిరాం, పిన్ని ఏడ్చింది కూడా. అమ్మమ్మ మంచం దిగలేదు.

అలాంటి సమయంలో, ఒకనాటి ఉదయం ముందుగదిలోంచి గొంతు వినిపించింది.

"అత్తయ్యగారూ, నా కత్తెర మీ మంచం పక్కన బల్ల మీద ఉండిపోయింది. కాస్త తెచ్చిస్తారా?"

పిన్ని చేతిలో గరిట జారి కింద పడింది.

"మీకు మతిగాని పోయిందా? ఆవిడ కాలికి కడ్డీ వేశారు" అంది పిన్ని.

"తెలుసులే. కానీ నేను లేస్తే మళ్ళీ కూర్చోవాలిగా" అన్నాడు బాబాయి.

అమ్మమ్మ ముఖం కందగడ్డయింది. "ఆ వాకరు ఇలా తేవే. కత్తెర ఆయన చేతికివ్వను, నెత్తినే పెట్టొస్తాను" అంటూ లేచింది. తిడుతూ ముందుగది దాకా వెళ్ళింది, తిడుతూ తిరిగొచ్చింది. మేమిద్దరం ఆయన్ని తిట్టుకునే హడావిడిలో ఆవిడ నడిచిందన్న సంగతే గమనించలేదు.

అక్కణ్ణించి అదే వరస. ఇవాళ దారం, రేపు కళ్ళజోడు, ఎల్లుండి మంచినీళ్ళు. పైగా కుండ వంటింట్లోంచి పెరటి వరండాలోకి ఎలా పోయిందో ఎవరికీ తెలీదు. ఇంటికి ఎదురుగా ఉన్న టీకొట్టాయన నన్ను ఆపి మరీ అడిగాడు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మీ బాబాయి ఆ కొండని అత్తగారి చేత మోయిస్తున్నాడటగా?" సిగ్గుతో చచ్చిపోయాను. పిన్ని మొగుడితో మాట్లాడ్డం మానేసి, కంచం చప్పుడుతోనే చెప్పదలచుకున్నదంతా చెప్పేది. నేను కూడా ఒకరోజు ఆయన్ని కడిగిపారేద్దామని మాటలు కూర్చుకుంటున్నాను.

ఈలోగా జ్వరం వచ్చి ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి ముందే ఇంటికొచ్చాను. పిన్ని బజారుకి వెళ్ళింది. చెప్పులు విప్పుతూ కిటికీలోంచి లోపలికి చూశాను. చూసింది జ్వరం వల్లేమో అనుకుని కళ్ళు నులుముకున్నాను.

బాబాయి మోకాళ్ళ మీద ఉన్నాడు. కొలతలకే వంగని మనిషి, మధ్యగది నుంచి వరండా దాకా తడి లేకుండా నేల తుడుస్తున్నాడు. తుడిచాక అరచేత్తో తడిమి చూసుకున్నాడు. దారి మధ్యలో అమ్మమ్మ అలసిపోతే కూర్చోడానికి ఒక స్టూలు వేశాడు. తర్వాత తన కుర్చీలో కూలబడి, కాళ్ళు జాపి, ఆవలించాడు.

"అత్తయ్యగారూ, దాహమేస్తోందండి."

"మీ దాహం మండిపోనూ. వస్తున్నా" అంటూ అమ్మమ్మ వాకరు పట్టుకుని పెరటివైపు బయల్దేరింది. ఆవిడ వీపు తిరిగిందో లేదో, బాబాయి లేచాడు. నిజంగా లేచాడు. కోడిని పట్టేవాడిలా చేతులు రెండూ చాపి, మునివేళ్ళ మీద ఆవిడ వెనకే నడిచాడు. ఆవిడ కాస్త తూలితే ఆయన ముఖం పాలిపోయింది. ఆవిడ నీళ్ళు ముంచుకుని వెనక్కి తిరిగేలోపు ఒక్క ఉరుకున వచ్చి కుర్చీలో పడి కళ్ళు మూసుకున్నాడు. ఆ వేగానికి కుర్చీ కిర్రుమంది.

నేను గుమ్మంలోనే కూలబడ్డాను. కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలీదు.

సాయంత్రం పిన్నికి చెబితే, "ఆయనా? నేల తుడిచారా?" అని, ఆవిడ కూడా నా పక్కనే కూలబడింది. ఇక ఉండబట్టలేక అమ్మమ్మ చెవిలో వేశాను. ఆవిడ నవ్వింది.

"డ్రిల్లు టీచర్నే నేను. వెనక వరసలో ఎవడు అడుగు తప్పాడో తిరిగి చూడకుండా చెప్పేదాన్ని. మీ బాబాయి మునివేళ్ళ మీద నడిచినా ఏనుగు నడిచినట్టే ఉంటుంది."

"తెలిసే రోజూ అన్ని తిట్లు తిడుతున్నావా?"

"తిట్టకపోతే నాకు తెలిసిపోయిందని కుర్చీకి అతుక్కుపోడూ? ఇన్నేళ్ళూ ఈలేసి లేపలేకపోయాను. ఇప్పుడు చూడు, పొట్ట కూడా తగ్గింది." గొంతు తగ్గించింది. "నా కాలు ఎప్పుడో కుదుటపడిందే, వాకరూ తూలుడూ అన్నీ నటనే. ఈ తిరుగుడంతా ఆయన కోసమే."

మర్నాడు పొద్దున బాబాయి ఎప్పట్లాగే ఆవలించాడు. "అత్తయ్యగారూ, దారం పెట్టె ఎక్కడుందో కాస్త చూస్తారా?"

దారం పెట్టె ఆవిడ చేతికందే దూరంలోనే ఉంది. అమ్మమ్మ దిండు కింద నుంచి ఈల తీసి మెడలో వేసుకుంది.

"లేస్తున్నానండి అల్లుడుగారూ" అంటూ వాకరు పక్కకి నెట్టి, చేతికర్ర అందుకుని వీధి గేటువైపు బయల్దేరింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది.