రెండు నిమిషాలకొకసారి

మొన్న మా వంటగదిలో నీళ్ల ఫిల్టర్ బిగించిన మెకానిక్, లోపలి ఊదారంగు దీపం చూపించి "దీన్లకెల్లి పోయినంక ఒక్క పురుగు బతకదు మేడం" అన్నాడు. అమ్మ సంతోషించింది. నాకు మాత్రం ఎమ్మెస్సీ చివరి వేసవిలో మా ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న అక్క గుర్తొచ్చింది.

అక్క రోజూ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైల్లో వచ్చేది. బయట ఎండ మండిపోతుంటే మైక్రోస్కోపు గదిలో ఏసీ చలికి స్వెటర్ వేసుకుని కూర్చునేది. ఆమెకు కావలసింది ఒక్కటే: బతికున్న ఒక కణం రెండుగా విడిపోవడాన్ని, రంగు అద్దకుండా, అతినీలలోహిత కాంతిలో మొదటి నుంచి చివరిదాకా ఫొటోలు తీయడం. ఆ కాంతిలో క్రోమోజోములు వాటంతటవే నల్లగా కనిపిస్తాయి. చిక్కేమిటంటే, చూపించే ఆ కాంతే కణాన్ని చంపుతుంది కూడా. అందుకని రెండు నిమిషాలకొకసారి రెప్పపాటు వెలుగు, ఒక ఫొటో, మళ్లీ చీకటి. బటన్ నొక్కేది అక్క, నోటుబుక్కులో టైము రాసేది నేను. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని కనుక నాకు బాగా కుదిరింది. అక్క మాత్రం కణాలతోనే మాట్లాడేది. "జర కదులు బిడ్డా, నాలుగింటికి నా బండి ఉన్నది" అని బతిమాలేది.

కణాలన్నీ విడిపోకుండా మధ్యలోనే ఆగిపోయేవి. మైక్రోస్కోపు మాకిచ్చిన చివరి రోజు మధ్యాహ్నం ఒకటి చక్కగా మొదలైంది. పొద్దున్నుంచి ఏమీ తినని అక్క టిఫిన్ డబ్బాతో లేచింది. "పది నిమిషాలల్ల వస్త. రెండు నిమిషాలకొక్కసారే నొక్కు. ఆగమాగం కాకు పిల్లా."

ఆగమాగమే అయ్యాను. క్రోమోజోములు నడుమ ఒకే వరుసలో, బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. ఇంకాసేపట్లో విడిపోతాయి. తెర మీద మాత్రం పాత బొమ్మే. ఆగలేక మధ్యలో ఒకసారి నొక్కాను, తర్వాత ఇంకోసారి, తర్వాత లెక్క తప్పింది. నోటుబుక్కులో మాత్రం రెండు నిమిషాలవే రాశాను. అక్క వచ్చేసరికి వరుస అలాగే ఉంది. గంట తర్వాతా అలాగే ఉంది.

కంప్యూటర్లో ప్రతి ఫొటో మీదా దాన్ని తీసిన టైము ఉంటుందని నాకు తోచనేలేదు. అక్క ఒక్కొక్కటే చూసింది.

"ఇన్నిసార్లు ఎందుకు కొట్టినవే?"

"విడిపోతదేమో చూద్దామని, అక్కా."

"నేను గూడ గందుకే గదనే కూసున్న, ఇన్ని రోజులు."

తిట్టలేదు. నోటుబుక్కు నా ముందుకు జరిపి, "మిగిలినయి గూడ రాయి, ఉన్నదున్నట్టు" అంది. రాశాను.

మైక్రోస్కోపు మళ్లీ ఆమె వంతుకు రావడానికి ఆరు నెలలు పట్టింది. ఈసారి కణం పూర్తిగా విడిపోయిందని ఫొటోలన్నీ కలిపి నా ఫోనుకు వీడియో పంపింది. ఇరవై సెకన్లు కూడా లేదు. నేను ఆగలేకపోయింది రెండు నిమిషాలు, దానికి ఆమె ఆరు నెలలు ఆగింది. రెండు నిమిషాలంటే ఎంతసేపో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు.