ఖాళీ గడిలో సున్నా

ఫోన్ నిండిపోయిందని ఒకటే గోల చేస్తుంటే, పాత ఫొటోలు తీసేస్తూ కూర్చున్నాను. వాటి మధ్య ఉప్పు లెక్కల ఫైలు కనబడింది. నెలలు గడిచినా, చూడగానే చెవులు వేడెక్కాయి.

మా చెల్లెలి కూతురు తెనాలిలో ఎమ్మెస్సీ లెక్కలు చదువుతోంది. భట్టిప్రోలులో మా చేలో ఉన్న బోరు నీళ్లలో ఉప్పు ఎలా పెరుగుతోందో సమీకరణంలో పెట్టి చూపడం దాని ప్రాజెక్టు. పొద్దున్నే నీళ్లలో మీటరు ముంచి, కనబడిన అంకె ఫోన్‌లో ఆ రోజు గడిలో కొట్టే పని నాకిచ్చింది. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక, అదీ ఈ పిల్ల చిన్నప్పుడు దాని పలక పక్కన కూర్చునే. అంతకుముందు వేలిముద్ర మనిషిని. అందుకే ఖాళీ గడి చూస్తే నాకు చిన్నతనం, ఎవడో చదువురానివాడు వదిలేసినట్టుంటుంది. బాపట్ల పెళ్లికి వెళ్లినప్పుడూ, జ్వరంతో పడుకున్నప్పుడూ ఆ గడుల్లో నిండుగా సున్నాలు పెట్టాను.

కాలేజీలో ప్రాజెక్టు చూపే రోజు నన్నూ రమ్మంది. సారు ఒప్పుకుంటే ఆ సెమిస్టరు గట్టెక్కినట్టే. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. నేను తీరిగ్గా ఆ పొద్దున్నే పంపిన ఫైలును పిల్ల అక్కడికక్కడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించింది. సమీకరణాలు కూడా అదే విప్పుతుందట. తెర మీద గీత పైకి పోతూ పోతూ ధబీమని కిందపడింది. లేచింది, మళ్లీ పడింది.

"ఏంటమ్మా, మధ్యమధ్యలో మీ బోరు కొబ్బరినీళ్లు పోసిందా?" అన్నారు సారు. క్లాసంతా నవ్వింది. నాకు మండింది.

"నా అంకెలు సరిగ్గానే ఉన్నాయండి. ఆ కంప్యూటరుకే చదవడం రాలేదు," అన్నాను లేచి.

సారు ఫైలు తెరిపించారు. "మరి ఈ సున్నాలేంటండి?"

"ఆ రోజుల్లో నేను మీటరు చూడలేదండి."

"ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు కొలత లేదనుకునేదండి. సున్నా పెడితే ఉప్పే లేదని నమ్మింది."

ఈసారి క్లాసు నవ్వింది నన్ను చూసి. పిల్ల చప్పున అడ్డొచ్చింది. "ఖాళీ వదలమని నేనే చెప్పలేదు సార్. తప్పు నాదే."

చెప్పింది. మొదటి రోజే చెప్పింది, తర్వాతా చెప్పింది. నేను తిరిగి బెంచీలో కూర్చున్నాను. వచ్చే విడతలో మళ్లీ రమ్మన్నారు సారు దాన్ని.

రేపల్లె బస్సులో నా పక్కనే కూర్చుని సున్నాలు చెరుపుతూ, "మామయ్యా, నీకు జ్వరం వచ్చిందెప్పుడు?" అని మాత్రం అడిగింది. చెప్పాను. తప్పు నాదన్న మాట మాత్రం భట్టిప్రోలులో దిగేదాకా గొంతు దాటలేదు. ఆనక ఫోన్ చేసి చెబితే, "పోనీలే మామయ్యా," అని నవ్వేసింది. అక్షరాలు ఎంత ఆలస్యంగా వచ్చినా నాకు పనికొచ్చాయి. ఆ మాటకు మాత్రం ఆ క్లాసులోనే వేళ ఉంది, నేను కూర్చునే ఉండగా అది దాటిపోయింది.